తిన్నా అక్కా అని అబద్ధం చెప్పాను

ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు నా మెట్టెలు కత్తిరించి తీశారు. సబ్బు రాశారు, దారం చుట్టి లాగారు, రాలేదు. వేళ్లు అంతగా ఉబ్బిపోయాయి. 2020 జులై, నాకు ఎనిమిదో నెల.

మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఉప్పల్ దగ్గర ఒక్క గదిలో ఉండేవాళ్లం, నేనూ మా ఆయనా అత్తమ్మా. ఆయన ఆటో ఆగిపోయింది. నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకునే వాళ్లు రావడం మానేశారు. కార్డున్న వాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చారు. పెళ్లయ్యాక పుట్టింటి కార్డులో నా పేరు తీసేశారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కలేదు. ఇద్దరి బియ్యం ముగ్గురం తిన్నాం. ఆ 1500 అద్దెలోకి పోయింది.

మధ్యాహ్నం అన్నం, మామిడికాయ తొక్కు. రాత్రి ఉప్పేసిన గంజి. అంగన్‌వాడీ టీచర్ నాకోసం ఇంటికి తెచ్చిచ్చిన గుడ్లు పులుసు పెట్టేదాన్ని. కళ్ల ముందు ఇద్దరు ఆకలితో ఉంటే నేనొక్కదాన్నే ఎట్లా తింటాను? గుడ్లు వాళ్ల కంచాల్లోకి వెళ్లేవి, నాకు పులుసు మిగిలేది. అత్తమ్మ ‘నువ్వు తిను బిడ్డా’ అంటే, ముందే తిన్నానని చెప్పేదాన్ని.

ఆశా అక్కకీ అదే చెప్పాను. వచ్చినప్పుడల్లా గడప బయట నిలబడి ‘తిన్నవా?’ అని అడిగేది. ‘తిన్నా అక్కా.’ ఖాళీ కడుపున ఐరన్ గోలీ వేసుకుంటే వాంతి అయ్యేది, దాంతో కాల్షియం గోలీలు కూడా కలిపి బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. అది కూడా చెప్పలేదు. ఇంట్లో తిండి లేదని నోరు తెరిచి చెప్పడం, జబ్బు ఉందని చెప్పడం కన్నా కష్టం.

జులై మొదట్లో రెండు రోజులు తల పగిలిపోయేంత నొప్పి. కళ్ల ముందు మిణుగురులు ఎగిరినట్టు ఉండేది. ఎండ దెబ్బేమో అనుకున్నాను. ఆ రోజు ఆశా అక్క నా కాళ్లు చూసి, ‘గట్ల ఉబ్బినయేంది?’ అంటూ లోపలికొచ్చింది. నన్నేమీ అడగలేదు. పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసింది. మళ్లీ మూత పెట్టి 108కి ఫోన్ చేసింది.

ఆసుపత్రిలో బీపీ 170/110. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇచ్చారు, ఒళ్లంతా నిప్పుల సెగ తగిలినట్టు అయ్యింది. సిస్టర్ చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూసేది. కాలు ఎగిరితేనే తర్వాతి డోసు. బీపీ దిగకపోవడంతో మర్నాడు ఆపరేషన్ చేశారు. పాప కిలో ఎనిమిది వందల గ్రాములు. పదకొండు రోజులు పిల్లల వార్డులో ఉంచారు.

నేను తినకపోవడం వల్లే ఈ బీపీ జబ్బు వచ్చిందా అని డాక్టరమ్మను అడిగాను. ‘అట్లా చెప్పలేమమ్మా. మాయ గర్భసంచిలో సరిగా నాటుకోకపోవడం దగ్గరే ఇది మొదలవుతుంది. కాకపోతే తిండిలో కాల్షియం తక్కువున్న వాళ్లకు ముప్పు ఎక్కువ. అందుకే ఆ గోలీలు ఇస్తాం’ అంది. బియ్యం డబ్బా వెనకున్న కాగితప్పొట్లం గుర్తొచ్చి ఏడ్చాను. ఆవిడ నన్ను తిట్టలేదు.

వార్డులో పొద్దున పాలు, గుడ్డు ఇచ్చేవాళ్లు. ఎన్ని నెలల తర్వాతో ఒక గుడ్డు నేనొక్కదాన్నే మొత్తం తిన్నాను.

బీపీ గోలీలు రెండు నెలలు వాడాక ఆపేశారు. ఇట్లా వచ్చిన వాళ్లకు తర్వాత కూడా బీపీ వచ్చే అవకాశం ఎక్కువని చెప్పారు కాబట్టి ఏటా చూపించుకుంటున్నాను. పాప బడికి వెళ్తోంది.

మొన్న మా వీధిలో అద్దెకొచ్చిన అమ్మాయి జాకెట్టు కొలతలకు వచ్చింది. ఆరో నెల. టేపు చుడుతూ తిన్నావా అని అడిగాను.

‘తిన్నా అక్కా.’

ఏం తిన్నావో చెప్పు అన్నాను. కాసేపు కిందికి చూసి, ‘చాయ్’ అంది.