నాన్న బీపీ, వెన్నులోకి మందు పంపే పంపు: నా అనుభవం

మా నాన్నకి 66 ఏళ్లు, స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, ఉండేది గాజువాకలో. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్, మూడు మాత్రలూ ఫుల్ డోసు వేసుకుంటున్నా పై బీపీ 170 దిగేది కాదు, మా పెద్దనాన్నకి బీపీతోనే పక్షవాతం వచ్చింది కాబట్టి నాకు రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

వెన్నులోకి మందు పంపే పంపు ఉందని ఎక్కడో విని జగదాంబ దగ్గర డాక్టరు గారిని అడిగేశాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. రక్తనాళాల్ని బిగించే నరాలు వెన్నుపాము నుంచే బయల్దేరతాయంట, అందుకని ఆ నరాల్ని నెమ్మదింపజేసే క్లోనిడిన్ మందుని సన్నటి గొట్టంతో వెన్నుపాము చుట్టూ ఉండే నీళ్లలోకి వదిలితే బీపీ దిగుతుందా అని పరీక్షించారంట, పంపేమో పొట్ట చర్మం కింద పెడతారు, మందు అయిపోతే సూదితో నింపుతారు. తీవ్రమైన నొప్పులకి ఇలాంటి పంపులు వాడుతున్నారు గానీ బీపీకి మాత్రం ఇంకా మామూలు వైద్యం కాలేదు, పైగా క్లోనిడిన్ ఒక్కసారిగా ఆగిపోతే బీపీ ఎగిరిపోతుంది. "ముందు ఇది నిజంగా మొండి బీపీయేనా తేలుద్దాం అమ్మా" అన్నారు.

24 గంటల బీపీ మిషను కట్టారు. పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి పట్టీ బిగుస్తుంది, బిగిసినప్పుడల్లా చెయ్యి కదపకూడదు. నాన్న "ఏటమ్మా ఇది, చెయ్యి పిండేస్తంది" అంటూనే రాత్రంతా చెయ్యి చాపుకుని పడుకున్నారు, నేను పక్కనే కూర్చున్నా. సగటు 158/92 వచ్చింది, అంటే ఆసుపత్రి భయం వల్ల పెరిగిన బీపీ కాదన్నమాట.

తర్వాత ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మన్నారు. సంచి తిరగేస్తే మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ స్ట్రిప్పులు! రోజూ రెండేసి వేసుకుంటున్నారంట, అవి ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచి బీపీ పెంచుతాయంట. అది ఆపించారు, ఎండుచేపలూ ఆవకాయా బాగా తగ్గించాం. ఒంట్లో ఉప్పునీ బీపీనీ అదుపు చేసే ఆల్డోస్టిరోన్, రెనిన్‌ల రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి, అయినా నాలుగో మందుగా స్పైరొనోలాక్టోన్ 25 మి.గ్రా. ఇచ్చారు. 2015లో పాత్‌వే-2 అనే వైద్య పరిశోధనలో మూడు మందులకీ లొంగని బీపీకి ఇదే బాగా పనిచేసిందంట. పొటాషియం పెరుగుతుందేమోనని వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి పరీక్షకి రక్తం ఇచ్చాం.

ఆరో వారం పొద్దున 136/82. నాన్న నమ్మలేదు, "మళ్లీ చూడమ్మా" అన్నారు. ఐదు నిమిషాలు ఆగి చూశా, 134. రెండూ నోట్‌బుక్‌లో రాశా.