బీపీ, ఆవకాయ, ఓ ఉప్పు గిన్నె: నా అనుభవం

మా బ్యాంకులో ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నాకు బీపీ 158/98 వచ్చింది. వయసు 47, బరువు 83 కిలోలు, నడుం చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్ళకు నడుం 90 దాటకూడదంటారు. షుగర్ లేదు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఈసీజీ బాగానే ఉన్నాయి. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. ఏ బాధా లేని మనిషికి టాబ్లెట్ ఎందుకన్నది మా ఆఫీసులో సగం మంది వాదన. మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట, కాబట్టి అసలు మొదలే పెట్టకూడదట. కళ్ళజోడు విషయంలో ఎవరూ ఇలా అనగా నేను వినలేదు.

డాక్టర్ గారు ఆ ఒక్క రీడింగ్ చూసి మందు రాయలేదు. "ఆస్పత్రికి రాగానే చాలామందికి పెరుగుతుందండీ. వారం రోజులు ఇంట్లో చూసుకుని రాసుకురండి. సగటు 135/85 దాటితే అప్పుడు చూద్దాం" అన్నారు. ఆస్పత్రిలో చూస్తే 140/90 హద్దు, ఇంట్లో చూసుకుంటే 135/85. ఈ తేడా సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మెడికల్ షాపులో మణికట్టుకు పెట్టుకునే మెషీన్ చూపించారు, ముద్దుగా ఉంది. కానీ డాక్టర్ గారు జబ్బకు కట్టేదే తీసుకోమన్నారు. అదీ పట్టీ సైజు చూసి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. టైలర్ టేపుతో కొలిస్తే నా జబ్బ 34 సెంటీమీటర్లు. షాపతను ముందు తీసిన మెషీన్ పట్టీ మీద 22-32 అని ఉంది. పెద్ద పట్టీ ఉన్నది అడిగి తీసుకున్నాను.

ఇక చూసుకోవడం. పొద్దున లేచి బాత్రూంకి వెళ్ళొచ్చి, కాఫీ తాగకముందే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి టేబుల్ మీద, పట్టీ గుండె ఎత్తులో. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. సాయంత్రం కూడా అంతే. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. వినడానికి సులువే. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదన్న నియమం మాత్రం మా ఇంట్లో మహా కష్టం. పట్టీ బిగుసుకుంటుండగా వంటింట్లోంచి మా ఆవిడ "ఏమండీ, గ్యాస్ బుక్కు ఎక్కడ పెట్టారు?" అంది. "బీరువాలో" అన్నాను, అంతే. అంతకుముందు 141 ఉన్నది 152 అయింది. ఆ రీడింగ్ కొట్టేసి మళ్ళీ చూసుకున్నాను. మర్నాటి నుంచి ఆ పది నిమిషాలూ గది తలుపు వేసుకున్నాను.

వారం సగటు 147/93. టెల్మిసార్టాన్ 40 రాశారు, పొద్దున ఒకటి. రాస్తూనే ప్రశ్నలు అడిగారు. గురక పెడతారా, శనివారాలు మందు తాగుతారా, నొప్పులకు ఏమైనా వాడతారా? మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ పేరు చెప్పగానే ఆయన పెన్ను ఆగింది. అలాంటి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ ఆపేసి బీపీ పెంచుతాయట. బీపీ మందుతో కలిస్తే కిడ్నీకి కూడా మంచిది కాదట. అది ఆపించి, అవసరమైతే పారాసెటమాల్ వేసుకోమన్నారు. గ్యాస్ పట్టిందని నీళ్ళలో కలుపుకుని తాగే పొడిలో కూడా ఉప్పులో ఉండే సోడియమే ఉంటుందని చెప్పారు. నడివయసు మగవాళ్ళ బ్యాగుల్లో ఈ రెండూ లేని బ్యాగు అరుదు. డాక్టర్లు అడిగితే తప్ప మనంతట మనం చెప్పం, అవి మందులని మనకు తోచదు కాబట్టి.

తర్వాత ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార నియమాల్లోనూ అదే లెక్క. 5 గ్రాములంటే ఒక టీస్పూన్. ఇంత చిన్న లెక్క ఎవరికి గుర్తుంటుంది? కాబట్టి ప్యాకెట్‌తో లెక్కేశాను. ఇంట్లో అమ్మ, నేను, మా ఆవిడ, అబ్బాయి. నలుగురికి రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ఉప్పు 50 రోజులు రావాలి. మాకు నెల తిరక్కముందే అయిపోయేది! చేపలు కడగడానికి కొంత పోతుందనుకున్నా, చాలా తేడా ఉంది. పైగా ఇందులో ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయటి టిఫిన్లు కలవలేదు.

గిన్నె ఉపాయం మా ఆవిడదే. చిన్న కాటా కొని, రోజూ పొద్దున 12 గ్రాముల ఉప్పు ఓ స్టీలు గిన్నెలో తూచి పెట్టేది. ఆ రోజు పప్పు, కూర, చారు, ఇడ్లీ పిండి, అన్నిటికీ అదే. గిన్నె ఖాళీ అయితే ఇక లేదు. మిగతా 8 గ్రాములూ పచ్చడికీ బయటి తిండికీ వదిలేశాం. అన్నం వండేటప్పుడు ఉప్పు వేసే అలవాటు మనకు లేకపోవడం కలిసొచ్చింది. మొదటి రోజుల్లో చారు దగ్గరే ఇబ్బంది పడ్డాం. "ఇది చారా, వేణ్ణీళ్ళా?" అని అమ్మ గిన్నె పక్కకు నెట్టేసింది. తర్వాత మిరియాలు, వెల్లుల్లి కాస్త దండిగా వేయడం, కూరల్లో చివర నిమ్మరసం పిండడం మొదలుపెట్టాక ఎవరూ ఏమీ అనలేదు. మామిడికాయ పప్పుకి సగం ఉప్పు చాలు, పులుపే మోసేస్తుంది. నెలన్నర గడిచేసరికి బయట తిన్న పులిహోర నాలుక మీద ఉప్పగా తగిలింది. మజ్జిగలో ఉప్పు ఎవరు మానేశారో గుర్తులేదు గానీ అదీ పోయింది.

ఈలోగా మా బావమరిది ఓ ప్యాకెట్ తెచ్చాడు. "బావా, ఇది లో సోడియం ఉప్పు, ఎంతైనా తినొచ్చు" అని. ఇందులో సోడియం క్లోరైడ్‌లో కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనా పల్లెల్లో చేసి 2021లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఇలాంటి ఉప్పు వాడినవాళ్ళకు పక్షవాతాలు తగ్గిన మాట నిజమే. కాకపోతే టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్ళలో, కిడ్నీ జబ్బున్నవాళ్ళలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. డాక్టర్ గారిని అడిగితే నాకు వద్దన్నారు. ప్యాకెట్ తిరిగిచ్చేశాను. గులాబీ రంగు ఉప్పు, సైంధవ లవణం కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. ధర ఎక్కువైనంత మాత్రాన బీపీకి తేడా ఏమీ తెలియదు.

నడక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మాది రాజమండ్రి, గట్టు ఉంది, గోదావరి ఉంది. పుష్కరాల రేవు దగ్గర మొదలుపెట్టి కోటిలింగాల రేవు వైపు వెళ్ళొస్తాను. వారానికి 150 నిమిషాలు చాలు. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడవాలి. ప్రమాదం నడకలో లేదు, గట్టు దిగాక ఎదురయ్యే పెసరట్టు ఉప్మాలో ఉంది. మా వాకింగ్ బ్యాచ్‌లో కొందరు దానికోసమే వస్తారని నా అనుమానం. శనివారం సిట్టింగులు నెలకొకటి చేశాను. ఆ గ్లాసుతో పాటు మంచింగ్ పేరుతో పోయే ఉప్పు పల్లీలు, వేపుళ్ళు కూడా తగ్గాయి, బరువు దిగడానికి అదే ఎక్కువ పనికొచ్చింది.

మూడు నెలలకు బరువు 79, ఇంట్లో వారం సగటు 127/81. మందు డోసు అలాగే ఉంచారు. మా కొలీగ్ ఒకాయన నార్మల్ వచ్చిందని టాబ్లెట్ ఆపేశాడు, నన్నూ ఆపమంటాడు. టాబ్లెట్ వేసుకుంటున్నాం కాబట్టే నార్మల్ వచ్చిందని ఎన్నిసార్లు చెప్పినా వినడు. తగ్గించాలో ఆపాలో డాక్టర్ గారు చూసి చెప్తారు, అది మన పని కాదు.

ఎండాకాలం వచ్చేసరికి ఆవకాయ గొడవ మొదలైంది. అందులో బరువుకు పదోవంతు పైనే ఉప్పు ఉంటుంది. ముక్కా ఊటా కలిపి 20 గ్రాములు వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు, రోజు కోటాలో దాదాపు సగం. ఈసారి ఉప్పు తగ్గించి పెట్టమ్మా అన్నాను. "ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుందిరా. తగ్గించాల్సింది జాడీలో కాదు, నీ కంచంలో" అంది. న్యాయమే. పెద్ద జాడీ బదులు చిన్న జాడీ పెట్టింది. మధ్యాహ్నం పెరుగన్నంలోకి ఒక ముక్క, రాత్రి వేసుకోను.

మెషీన్ ఇంట్లోనే ఉంది కదా అని మా ఆవిడది కూడా చూశాం. 138/88. ఆవిడకు పట్టీ చిన్నది కావాలి, మా పెద్ద పట్టీతో చూస్తే తక్కువ చూపించే అవకాశం ఉంది, అయినా అంత వచ్చింది. సరైన పట్టీ తెప్పించి ఇప్పుడు ఆవిడదీ వారం పాటు రాస్తున్నాం. నాకు క్రియాటినిన్, పొటాషియం టెస్టులు ఎలాగూ ఉన్నాయి, ఇద్దరం ఒకేసారి వెళ్తాం.