కరెంటు తీగ లేకుండా ఎకరన్నరలో ఇల్లు

బెంగళూరు కేఆర్ పురంలో అద్దెకుంటూ ఆ పక్కనే ఉన్న హోస్కోట తాలూకాలో ఎకరన్నర బీడు కొన్నాం. మాది అనంతపురం వైపు. సెంట్లలో లెక్కేసుకునే మాకు ఇక్కడి గుంటలు తలకెక్కడానికి కొంత టైం పట్టింది. నలభై గుంటలు ఒక ఎకరం, అంటే గుంటకు రెండున్నర సెంట్లు. భూ సంస్కరణల చట్టానికి 2020లో చేసిన సవరణకు ముందైతే మాలాంటి ఉద్యోగస్తులకు కర్ణాటకలో సాగు భూమి కొనడం చాలా కష్టం.

పహాణీలో, అంటే భూమి రికార్డులో, అమ్మేవాళ్ళ పేరుంది కదా అని సంబరపడకూడదు. అందులో ఖరాబు, అంటే సాగుకు పనికిరాదని రాసిన నేల, ఎంతో చూడాలి. 'బి' ఖరాబు అంటే దారో, వంకో. ఎంత డబ్బు కట్టినా అది మనది కాదు. ఇంకోటి, ఆ నేల ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చినదేమో మూలం దాకా వెతకాలి. 1978 చట్టం ప్రకారం అలాంటిది ప్రభుత్వ అనుమతి లేకుండా కొంటే చెల్లదు. మాకు బాగా నచ్చిన ఒక చోటుని అందుకే వదిలేశాం. బ్రోకర్ మాత్రం "అదేం కాదు సార్, అందరూ కొంటున్నారు" అంటూనే ఉన్నాడు.

అసలు పరీక్ష నీళ్ళది. పక్క పొలం పెద్దాయన ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. తన చేలో బండరాయి మూత పెట్టిన రెండు బోరు గొట్టాలు చూపించాడు. రెండూ ఎండినవే. "వెయ్యి అడుగులు పోవాల సామీ. పడతాయని ఎవుడూ రాసియ్యడు." ఈ తాలూకాలో భూగర్భ జలాలు ఇప్పటికే మితిమీరి తోడేశారు, కొత్త బోరుకు అనుమతీ కావాలి. అందుకని ఇంటికి వాన నీళ్ళే ఆధారం అనుకున్నాం. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఏడాదికి 800 మి.మీ. వాన పడితే 74 వేల లీటర్లు. వృథా పోగా 60 వేలు మిగులుతాయి. వాన లేని ఐదు నెలలకు రోజుకు 200 లీటర్ల చొప్పున 30 వేలు చాలు కాబట్టి, 40 వేల లీటర్ల సంపు తవ్వించాం. తొలి వాన నీళ్ళు కప్పు మీది దుమ్ముతో సహా బయటికి పోయేలా వేరే గొట్టం పెట్టించాం. పొలానికి కృషి హొండ (నీటి కుంట) తవ్వించి అడుగున షీటు పరిపించాం. షీటు లేకపోతే ఈ ఎర్రమట్టిలో నీళ్ళు నిలవవు.

సంపు తవ్విన మట్టే గోడలైంది. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి ఇసుక అడుగున, బంకమట్టి పైన విడివిడిగా పేరుకున్నాయి. బంక ఎక్కువగా ఉందని మేస్త్రీ క్రషర్ పొడి కలిపించాడు. అందులో కొద్దిగా సిమెంటు వేసి, ప్రెస్సులో నొక్కి ఇటుకలు చేశాం. కాల్చే పని లేదు గానీ మూడు వారాలు తడపాలి. బెంగళూరులోని సైన్సు పరిశోధనా సంస్థ ఐఐఎస్సీలో 1974లో మొదలైన ఆస్ట్రా కేంద్రం ఇలాంటి ఇళ్ళ మీద ఏళ్ళ తరబడి పని చేసింది. అందుకే బెంగళూరు చుట్టుపక్కల ఈ పని తెలిసిన మేస్త్రీలు దొరుకుతారు.

కరెంటుకు మూడు కిలోవాట్ల సోలార్, లిథియం బ్యాటరీ. ఎండ ఉన్న రోజు పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. సబ్సిడీ ఇప్పిస్తానని ఒక డీలర్ చాలా ఊరించాడు. ఇళ్ళ మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైనుకు, కలిపిన వాటికే, మాకు రాదు. ఫ్రిజ్, ఫ్యాన్లు, పంపు హాయిగా నడుస్తాయి. గీజర్, ఇస్త్రీపెట్టె మాత్రం వద్దనుకున్నాం. జులై, ఆగస్టు మబ్బులకు కరెంటు రావడం బాగా పడిపోతుంది. ఆ నెలల్లో మా అత్తగారు ఆకాశం చూసి గానీ గ్రైండర్‌లో పిండి వెయ్యరు. "ఎండొచ్చింది, తొందరగా రండమ్మా" అని కేకేస్తే అందరం వంటింట్లోకి పరుగు.

గోబర్ గ్యాస్ మీద నాకు చాలా మోజుండేది. లెక్క వేస్తే రెండు క్యూబిక్ మీటర్ల ప్లాంటుకు రోజూ యాభై కిలోల పేడ కావాలి. మాకున్నవి రెండు ఆవులు, కలిపి ఇరవై కిలోలు వస్తే గొప్ప. ఆ పేడ ఎరువుకే వాడుతున్నాం, వంట సిలిండర్ మీదే. రాగులు, అనపకాయలు, కూరగాయలు చేలోవే. బియ్యం, నూనె, ఉప్పు, చక్కెర హోస్కోట బజారు నుంచి తెచ్చుకుంటాం.