ర్యూకాన్‌లో ఎండ పొడ

మాది శ్రీకాకుళం. నార్వేలోని ర్యూకాన్‌కు పనికి వచ్చిన మొదటి ఏడు, సెప్టెంబర్ చివర్లోనే ఎండ కనబడకుండా పోయింది. మబ్బు పట్టిందనుకున్నాను. కాదు, గౌస్తాతోపెన్ అడ్డం. ఊరికి దక్షిణాన 1883 మీటర్ల కొండ. చలికాలమంతా సూర్యుడు ఆ కొండల వెనకే నడిచి వెళ్ళిపోతాడు. సెప్టెంబర్ చివర పోయిన ఎండ మార్చి నడిమికి గాని లోయ అడుగుకు దిగదు. ఎదుటి కొండవాలు పైన మాత్రం రోజూ బంగారంలా కనిపిస్తూనే ఉంటుంది. అందని ఆ ఎండను చూడడమే నాకు కష్టంగా ఉండేది.

నా పని పెద్దవాళ్ళ నర్సింగ్ హోమ్‌లో. చీకట్లో డ్యూటీ ఎక్కడం, స్నానాలు, మందులు, పొద్దున్నే తలా ఒక చెంచా చేప నూనె. ఇక్కడ ఎవరినైనా పేరుపెట్టి 'నువ్వు' అనే పిలవాలి. తొంభైకి దగ్గరపడిన మనిషిని అలా పిలవడానికి నోరు రాక, మనసులో 'తాతగారూ' అని కలుపుకునేదాన్ని.

ఆ తాతగారు ఎరువుల ఫ్యాక్టరీలో చేశారు. ఊరు పుట్టిందే దానికోసం. జలపాతం నుంచి కరెంటు తీసి, గాలిలోని నత్రజనితో ఎరువు చేయాలని సామ్ ఐడె అనే నార్వే పారిశ్రామికవేత్త ఇక్కడ పని మొదలుపెట్టించాడు. కొండమీదికెళ్ళి ఎండ కాగి రమ్మని 1928లో కంపెనీ రోప్‌వే కట్టించింది. అద్దాలతో ఎండను ఊళ్ళోకి దింపాలన్న ఆలోచన 1913 నాటిది, జరిగింది 2013లో. ఊరికి 450 మీటర్ల పైన మూడు అద్దాలు, మొత్తం 51 చదరపు మీటర్లు, సూర్యుడి వెంట తిరుగుతూ ఊరి నడిబొడ్డున ఎండ పొడ పరుస్తాయి.

ఆకాశం తేటగా ఉన్నరోజు తాతగారిని చక్రాల కుర్చీలో అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. దుప్పటి కిందనుంచి చేతులు తీసి, అరచేతులు వెలుగులో పట్టేవారు. రథసప్తమినాడు జిల్లేడాకులు తలమీద పెట్టి స్నానం చేయించి, అమ్మ నన్ను సూర్యుడి వైపు తిప్పి అలాగే చేతులు పట్టించేది. అదంతా చెప్పడానికి నా నార్వేజియన్ చాలలేదు. "మా దగ్గర సూర్యుడికి గుడి ఉంది" అన్నాను. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబర్‌లోనూ కొన్ని పొద్దులు కిరణాలు లోపలిదాకా వచ్చి స్వామి పాదాలు తాకుతాయని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే మీవాళ్ళూ ఎదురుచూస్తారన్నమాట" అన్నారు.

మార్చిలో ఎండ దిగినరోజు అమ్మకు ఫోన్ చేశాను. మొన్ననే అరసవల్లిలో పాదాలు తాకినాయని చెప్పి, "మరి ఆ ముసలాయన్ని బయటికి తీసుకెళ్ళినావేటి?" అంది.

తీసుకెళ్ళాను. ఆరోజు అద్దాల వైపు తిరగనేలేదు. కుర్చీ గౌస్తాకేసి తిప్పమని, ముక్కు ఎర్రబడేదాకా కూర్చున్నారు.