నేల స్లాబును గోడకు కట్టాలా, విడిచిపెట్టాలా?

నేల మీద పోసే కాంక్రీటు స్లాబును పునాది గోడతో కలపాలా వద్దా అని అడిగితే, కలిపితేనే బలమని చాలామంది వెంటనే చెబుతారు. నేనూ ఒకప్పుడు అలాగే నమ్మి, గోడలోంచి ఊచలు బయటకు వదిలించి స్లాబు జాలీకి కట్టించాను. రెండేళ్లు తిరగకముందే గోడకు సుమారు మీటరు దూరాన, గోడ వెంబడే, గది పొడవునా వెంట్రుకవాసి బీట తేలింది. సుత్తి పిడితో తట్టి చూస్తే ఆ బీటకూ గోడకూ మధ్యనున్న మేర మాత్రమే డొల్లగా మోగింది.

తప్పు కాంక్రీటుది కాదు, దాని కింది మట్టిది. పునాది కోసం తవ్విన గోతిని పూడ్చేటప్పుడు గోడ వారనున్న ఇరుకులో దిమ్మిస సరిగా పడదు కనుక, ఆ పట్టీ మిగతా నేలకంటే ఎక్కువగా కుంగుతుంది. ఊచలు పట్టి ఉంచిన స్లాబు అంచు మట్టితోపాటు దిగలేదు. కింద ఆధారం పోయిన ఆ మేరలో అది తన బరువుతోపాటు పైబరువునూ గాలిలో మోయవలసి వస్తుంది. నడుమ ఒక్క వరుస జాలీ ఉన్న 100 మిల్లీమీటర్ల స్లాబు అంత పనికి ఉద్దేశించినది కాదు. పైగా కాంక్రీటు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది; 6 మీటర్ల పొడవులో అది 2, 3 మిల్లీమీటర్లు కావచ్చు. నాలుగు అంచులూ బిగించిన స్లాబుకు ఆ కాస్త జరగడానికైనా చోటుండదు.

అందుకే మామూలు ఇంట్లో స్లాబుకూ గోడకూ నడుమ 10 నుంచి 12 మిల్లీమీటర్ల మెత్తని షీటు నిలబెట్టి, పైసందును సీలెంటుతో మూసి, స్లాబును మట్టి మీదే స్వేచ్ఛగా ఉండనివ్వడం మేలని నా అభిప్రాయం. అయితే ఆ మట్టిని 150 మిల్లీమీటర్ల పొరలుగా, తగినంత తడిపి దిమ్మిస కొట్టి ఉండాలి. ఈ పనికి బద్ధకించి ఊచలతో సరిపెట్టుకోవడమే అసలు చిక్కు.

వెలుపలి మట్టి ఒత్తిడిని మోసే సెల్లారు గోడ సంగతి వేరు. అక్కడ గోడ అడుగు లోపలికి జరగకుండా స్లాబు అంచే అడ్డుకోవాలి కనుక, మెత్తని షీటు పెట్టడం పొరపాటు. కాంక్రీటును గోడకు ఆనించి పోయాలి. భూకంపాల ప్రాంతంలోనో, పూడిక మీద నమ్మకం లేనిచోటనో కలపక తప్పకపోతే, కింద మట్టి లేదనుకొని స్లాబుకు పూర్తి ఊచలు లెక్కకట్టించాలి.

గుమ్మం దగ్గర మాత్రం నేను ఇప్పటికీ ఊచలు వేయిస్తాను. స్లాబు మందానికి నడుమ ఒకే వరుసగా ఉంచిన ఊచలు అంచును కిందికి జారనివ్వవు, కానీ మడతబందులా కాస్త తిరగనిస్తాయి. కాలికి తగిలే మెట్టు అక్కడ ఏర్పడదు.