దాపలకి ఒక సొంతవాక్యం

పరీక్ష పేపర్లో "కింది పదాలకు సొంతవాక్యాలు రాయండి" అనే ప్రశ్న ఉంటుంది కదా. విశాఖలో తెలుగు పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ ఆ జవాబులు దిద్దాను. తెలియని పదం వస్తే పిల్లలు ఒకటే దారి పట్టేవారు. "మా టీచరు ఔదార్యం గురించి చెప్పారు." "నాకు ఔదార్యం అంటే చాలా ఇష్టం." వ్యాకరణం బాగానే ఉంది, మార్కు ఇవ్వక తప్పదు. కానీ ఔదార్యం తీసేసి అక్కడ బెండకాయ పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. అలాంటి వాక్యం చదివి ఎవరికీ ఏ మాటా తెలియదు.

రిటైరయ్యాక ఓ స్నేహితురాలు పిల్లల కోసం పదాల పుస్తకం చేస్తూ, అరుదైన మాటలకి ఉదాహరణలు రాసిపెట్టమని జాబితా పంపింది. అందులో "దాపల" ఉంది. నిఘంటువు తీస్తే తేలిగ్గానే తేలిపోతుంది: దాపల అంటే ఎడమవైపు, వలపల అంటే కుడివైపు. నమూనాకి తనే ఒకటి రాసింది: "బస్సులో అమ్మ నా దాపల కూర్చుంది." అర్థం ప్రకారం తప్పులేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సింహాచలం దాకా ఏ బస్సెక్కినా ఇలా మాట్లాడే మనిషి మాత్రం కనబడడు.

ఈ మాట ఉండే చోటు కాడి. నాగలికో బండికో రెండెద్దుల్ని కడితే ఎడమది దాపటెద్దు, కుడిది ఎలపటెద్దు. పశువుకి తన పక్క అలవాటైపోతుంది, మార్చి కడితే తడబడుతుంది. చేతులకీ కాళ్లకీ అయితే పద్యాల్లో వేరే రూపాలున్నాయి: డాకేలు (ఎడమ చేయి), వలకేలు (కుడి చేయి), డాకాలు (ఎడమ కాలు). ఆ "డా", ఈ "దా" ఒకటే. (ఇది క్లాసులో చెబితే వెనక బెంచీలు నిద్రపోయేవి. చెప్పడం మానలేదు నేను.)

వృత్తి మాటల్ని ఆ వృత్తివాళ్ల దగ్గరే అడగాలి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేసిన పని అదే. ఆయన సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించారు. నాకంత ఓపికెక్కడిది? ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్లాను.

పద్మనాభం వైపు నుంచి ఆకుకూరలు తెచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. గోంగూర కట్టలు సంచిలో వేయించుకుంటూ, "దాపటెద్దు అంటారా మీ వైపు?" అని అడిగాను.

"ఇప్పుడెక్కడివమ్మా ఎద్దులు, అంతా ట్రాక్టరే" అని కాసేపాగి, "మా దాపటిది పోనాక ఎలపటిది మేత సరిగా తిన్నేదమ్మా. ఇంకోదాన్ని తెచ్చి పక్కన కడితే కుమ్మీసీది. ఇంక అమ్మీసినాం" అన్నాడు.

నేను రోజంతా కూర్చున్నా ఇలాంటి వాక్యం రాయలేను. ఎడమ అనే మాట ఎక్కడా లేదు. అయినా జత ఉంది, ఒకటి పోయిన ఖాళీ ఉంది, ఆ ఖాళీలోకి మరొకటి ఇమడలేదనీ ఉంది. దాపట అంటే ఏమిటో చదివినవాడికి దానంతటదే తెలుస్తుంది.

ఆ మాటలు ఉన్నవున్నట్టు పంపాను. స్నేహితురాలికి కథ నచ్చింది కానీ, "అమ్మీసినాం అని ఉంటే పిల్లలు పరీక్షలో అలాగే రాస్తారే" అని టెన్షన్ పడింది. సరే, "అమ్మేశాం" అని దిద్దుకోమన్నాను. "తిన్నేదు"ని "తినలేదు" చేస్తానంది, దానికీ ఒప్పుకున్నాను. దాపటిది, ఎలపటిది జోలికి మాత్రం వెళ్లొద్దన్నాను. బస్సు వాక్యం కొట్టేయించాను.

జాబితాలో ఇంకా అడ్డ, సోల, తవ్వ అనే పాత కొలతల పేర్లు మిగిలాయి. వాటికి పూర్ణా మార్కెట్లో పాతకాలపు బియ్యం కొట్టువాళ్లెవరైనా దొరుకుతారేమో చూడాలి.