పద్నాలుగు గంటలని చెప్పి

టికెట్ బుక్ చేశానని ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని గంటలురా?" శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగంలో చేరాక మొదటిసారి వెళ్తున్నప్పుడు, ఢిల్లీకి సుమారు 12,400 కిలోమీటర్లని చూసి, విమానం గంటకు 900 పోతుంది కదా అని భాగించేశాను. "పద్నాలుగు గంటలమ్మా" అన్నాను ధీమాగా.

పదహారు దాటింది. ఆ పైన రెండు గంటలూ అమ్మ ఎంత టెన్షన్ పడిందో దిగాక నాన్న చెప్పాడు.

ఆ 12,400 అనేది గ్లోబు మీద దారం బిగించి కొలిచిన దూరం. తర్వాతెప్పుడో ఆఫీసులో పక్క సీటతని గ్లోబు మీద నా ఐడీ కార్డు తాడుతో నేనూ కొలిచాను. పసిఫిక్ మీదుగా పోతుందనుకున్న తాడు, బిగించేసరికి పైకి జారిపోయింది. ఆర్కిటిక్ సముద్రం దాటి, సైబీరియా మీదుగా ఢిల్లీకి దిగింది. బల్లపరుపు మ్యాపులు చూసి పెరిగినవాళ్లకి ఇది మింగుడుపడదు.

విమానం ఆ తాడు వెంటే పోతుందనీ లేదు. దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. ఎదురొస్తే ఆలస్యం, వెనక నుంచి తోస్తే లాభం. అందుకే తిరుగు ప్రయాణంలో కొన్నిసార్లు పసిఫిక్ మీదుగా వస్తారు. దూరం పెరిగినా గాలి కలిసొస్తుంది. 2022 నుంచి అమెరికా విమానాలకు రష్యా గగనతలం మూసేయడంతో వాళ్లకి చుట్టుదారే గతి.

ఇక గడియారాల గొడవ. వేసవిలో రెండు ఊళ్ల మధ్య తేడా పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. వేసవిలో మంగళవారం రాత్రి తొమ్మిదికి బయల్దేరి పదహారు గంటలు కూర్చుంటే, ఢిల్లీలో దిగేది గురువారం అర్ధరాత్రి ఒకటిన్నరకు. బుధవారం మొత్తం ఎటో పోతుంది. వచ్చేటప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కితే, పదిహేనున్నర గంటలు ఎగిరి అదే రోజు పొద్దున ఏడింటికి ఇక్కడ దిగుతాం. టికెట్ మీద చూస్తే మూడు గంటల ప్రయాణం! ఒకసారి అలా దిగి, సెలవు మిగులుతుందని ఆ రోజే ఆఫీసుకెళ్లాను. మీటింగులో నన్నేదో అడిగారట, మూడోసారి పిలిస్తే పలికాను. మళ్లీ ఆ పని చేయలేదు.

అమ్మకి ఇప్పుడు గంటలు చెప్పను. వాళ్ల గడియారం ప్రకారం ఎన్నింటికి దిగుతానో చెప్తాను, దానికీ రెండు గంటలు కలిపి. నాన్న మాత్రం ఫోన్‌లో మా విమానాన్ని చూస్తూ కూర్చుంటాడు. పోయినసారి దిగి ఫోన్ ఆన్ చేయగానే ఆయన మెసేజ్ కనిపించింది: "ఏంట్రా, ఉత్తరానికి పోతున్నారు? పైలట్‌కి దారి తెలుసా?"